సాలీడు పాకిన చేతులు

పోయిన వారం ఒక మధ్యాహ్నం అన్నానికని మందుల షాపు మూసి ఇంటికి వస్తే, మెట్ల దగ్గరే ఆ వాసన నా ముక్కుకు తగిలింది. కిరసనాయిలు కాదు, ఫినాయిలు కాదు. కుళ్ళిన వెల్లుల్లిని ఇనప గరిటెలో మాడబెట్టినట్టుండే వాసన, నాలుక వెనక చేదుగా అతుక్కుని ఎన్ని నీళ్ళు తాగినా దిగని వాసన. తలుపు తెరిచే ఉంది. లోపల వీపుకు డబ్బా తగిలించుకున్న ఒకతను ముక్కుకు గుడ్డయినా లేకుండా మా వంటింటి మూలల్లోకి గొట్టం పెట్టి మందు కొడుతున్నాడు. మా రత్నత్త బాల్కనీలో కుర్చీ వేసుకుని, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, జరుగుతున్న పనిని తృప్తిగా చూస్తోంది. వాచ్‌మన్ చేత ఫోన్ చేయించి అతన్ని పిలిపించింది ఆమే. స్నానాల గది కిటికీ పైన అరచేయంత సాలీడు కనిపించిందట.

ఆరు నెలల దాకా ఒక్క సాలీడు కూడా రాదని అతను నాకు గ్యారంటీ ఇవ్వబోయాడు. నేను కేకలేశాను. ఈ వీధిలో నా కోపం అందరికీ తెలిసిందే, అతనికి కొత్త. పాపం అతన్ని అని ఏం లాభం, చేతులకు తొడుగుల్లేకుండా ఆ డబ్బా వీపుకు కట్టి పంపినవాణ్ణి అనాలి. కుళాయి చూపించి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోమన్నాను, కడుక్కునేదాకా పక్కనే నిలబడ్డాను, కిటికీలన్నీ తెరిచి అతన్ని పంపేశాను. అత్త ముఖం ముడుచుకుని రెండు పూటలు నాతో మాట్లాడలేదు. ఆమె సాలీడుకు భయపడుతుంది. నేను ఆ వాసనకు భయపడతాను. మా ఇద్దరి భయాలూ పుట్టింది ఒక్క ఇంట్లోనే.

ఆ ఇల్లు హోసూరు పక్క డెంకణికోట దాటి అంచెట్టి వైపు పోయే దారిలో, గుట్టల నడుమ ఉన్న మా ఊళ్ళో ఉండేది. మట్టిగోడలు, నాటు పెంకులు, వెదురు వాసాలు, పొగకు నల్లబడి నున్నగా మెరిసే దూలం, ఆ దూలానికి వేలాడే ఉల్లిపాయల గుత్తులు, విత్తనానికి కట్టిపెట్టిన మొక్కజొన్న కంకులు, అటక మీద రాగుల గంప, చింతపండు కుండలు, వీటన్నిటి మధ్యా మాకంటే ముందునుంచీ కాపురం ఉంటున్న సాలీళ్ళు. సన్నటి దారాల్లాంటి కాళ్ళతో మూలల్లో ఊగేవి కొన్ని, గోడ మీద ఎగిరెగిరి ఈగలను పట్టే చిన్నవి కొన్ని. అన్నిటికంటే పెద్దది వాసాల మీద చదునుగా అతుక్కుని ఉండేది. రాగిరంగు ఒళ్ళు, అవ్వ అరచేయంత కాళ్ళ విస్తారం. గుడ్లు పెట్టే కాలంలో పొట్ట కింద తెల్లటి గుండ్రటి బిళ్ళ ఒకటి కరిచిపట్టుకుని, తిండీ నీళ్ళూ మాని రోజుల తరబడి ఒకేచోట కూర్చునేది. మా అవ్వ దాన్ని పేరు పెట్టి పిలిచేది కాదు. "అది" అనేది. "అది దిగింది చూడు" అంటే ఇంట్లో అందరికీ అర్థమయ్యేది.

వానాకాలంలో తడికి ఓర్వలేక అవి వాసాలు దిగి బట్టల దండెం మీదికీ, చుట్టచుట్టి పెట్టిన చాపల్లోకీ వచ్చేవి. అందుకే మా ఇంట్లో ఏ బట్టయినా మూడుసార్లు విదిలించనిదే ఒంటికి తగలకూడదు. చెప్పులు బోర్లించి తట్టాలి. నీళ్ళ బాన మీద మూత జరిగితే ఆ నీళ్ళు పారబోయాలి. పలక సంచి బళ్ళోనే కాదు, ఇంట్లో కూడా ముడి విప్పకుండా ఉంచాలి. మార్గశిరంలో అనపకాయల వాసన ఊరంతా పరుచుకుని, ఒలిచిన గింజలు నానబెట్టి పితికిపప్పు చేసుకునే చలిరోజుల్లో కూడా, పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చునే ముందు మేం తలెత్తి వాసాలు చూసుకునేవాళ్ళం. ఉగాదికి ఓళిగలు కాల్చేటప్పుడు మా అమ్మ పూర్ణం గిన్నె మీద ఒక తట్ట, ఆ తట్ట మీద ఒక గుడ్డ కప్పేది. తమాషా ఏమిటంటే, ఆటల్లో మోకాలు చీరుకుంటే అదే అవ్వ గోడకు అంటుకున్న సాలీడు తెల్లబిళ్ళను గోటితో గీరి తెచ్చి గాయం మీద అంటించేది. రక్తం ఇట్టే ఆగిపోయేది. సాలీడు ఇల్లు మందు, సాలీడు మాత్రం మృత్యువు.

అవ్వ లెక్క ప్రకారం సాలీడుకు విషం కోరల్లో కంటే ఉచ్చలో ఎక్కువ. నిద్రలో ఒంటి మీద పాకి ఉచ్చ పోసిందంటే తెల్లారేసరికి ఆ దారి పొడవునా ఆవగింజల్లా పొక్కులు లేస్తాయి, మంట పుడుతుంది, జ్వరం వస్తుంది, పొక్కుల వరస నడుం చుట్టూ తిరిగి రెండు కొనలూ కలిసిందంటే మనిషి దక్కదు. మా పక్క దాన్ని అక్కి అంటారు. దానికి డాక్టరు పనికిరాడు, కుమ్మరే రాయాలి. మా ఊరికి మైలు దూరంలో ఉండే కుమ్మరి తాత కావిరాయిని నీళ్ళతో అరగదీసి, ఆ ఎర్రటి గంధంలో కోడి ఈక ముంచి, పొక్కుల చుట్టూ గీతలు గీసి, చివర తోకా కోరలూ ఉన్న ఒక సింహం బొమ్మ వేసేవాడు. మూడు రోజులు పొద్దున్నే పోయి రాయించుకోవాలి. ఆ మూడు రోజులు ఇంట్లో తాళింపు వాసన రాకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఒంటికి ఒక్క చుక్క నీళ్ళు తగలకూడదు. నీళ్ళు తగిలితే అక్కి పాకుతుంది.

ఇదంతా వట్టి మూఢనమ్మకమని కొట్టిపారేయడానికి నాకు అప్పుడు వీలు లేదు, ఎందుకంటే రెండో తరగతిలో నాకే అక్కి వచ్చింది. ఎడమ పక్కటెముకల మీద వరసగా పొక్కులు లేచాయి. తాత మూడు రోజులు సింహం రాశాడు, వారం తిరిగేసరికి ఎండిపోయాయి. అది దానంతటదే ఎండిపోయే జబ్బని, సాలీడుకూ దానికీ ఏ సంబంధమూ లేదని మందుల చదువు చదివాక తెలిసింది. ఆ వయసులో మాత్రం నాకు మూడు సత్యాలు: సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, సాలీడు ఉచ్చ పోస్తుంది, నీళ్ళు తగలకూడదు.

ఇక రత్నత్త. మా నాయనకు చెల్లెలు. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే మా ఇంటికే తిరిగి వచ్చింది. ఆమె చేతుల గురించి చెప్పాలి. అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు ఎగిరి సరిగ్గా గిన్నెలో పడేది, తొక్క వేళ్ళలో మిగిలేది. అమ్మా నేనూ కలిసి ఒక శేరు పితికేలోపు ఆమె ఒక్కతే రెండు శేర్లు ముగించి, మమ్మల్ని ఎగతాళి చేసేది. పూలు కట్టడానికి కూర్చుందంటే వేళ్ళు కంటికి ఆనేవి కావు. తడిపిన అరటినార, ఒళ్ళో కనకాంబరాలు, మధ్యలో మరువం రెమ్మ, ఎదుటివాళ్ళతో కబుర్లు చెబుతూనే మూరలకు మూరలు కట్టేసేది. ఊళ్ళో పెళ్ళయితే జడ కుట్టడానికి ఆమే పోవాలి. రోజూ సాయంత్రం పెరట్లో నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేటప్పుడు ఆ వేళ్ళు నెత్తి మీద తిరుగుతుంటే నాకు నిద్ర వచ్చేది.

ఆ చేతులు చూసే ఆమెను పనిలోకి తీసుకున్నారు. తళి రోడ్డు పక్కన ఆకాశానికి ప్లాస్టిక్ కప్పేసి దాని కింద గులాబీలు పెంచే తోటలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. పొద్దున్నే వ్యాను వచ్చి మా ఊరి దిబ్బ దగ్గర హారన్ కొట్టేది, ఏడెనిమిది మంది ఆడవాళ్ళు సద్దిమూటలతో ఎక్కేవాళ్ళు. పూలు కోయడం, ముళ్ళు గీకడం, కాడలు ఒక కొలతకు కత్తిరించి కాగితంలో చుట్టడం వాళ్ళ పని. ఆ పూలు విమానమెక్కి ఎక్కడికో పోతాయని అత్త గొప్పగా చెప్పేది. మేస్త్రీ మావైపు మనిషే, తెలుగువాడే, ఆడవాళ్ళందరినీ పేరుపేరునా అమ్మా అని పిలిచేవాడు. మనవాడు కదా అని అందరూ నమ్మారు. మనవాడు కాబట్టే మన భయాలన్నీ వాడికి తెలుసని ఎవరికీ తోచలేదు.

మూడు నెలలకు అత్త రెండు ముంజేతుల మీదా పొక్కులు లేచాయి. మేస్త్రీ చూసి సాలీడు పాకిందన్నాడట, ఆలస్యం చేయకుండా అక్కి రాయించుకుని పనికి రమ్మన్నాడట. అవ్వ ఆ మాటకు ఎంత సంతోషించిందో. చదువుకున్న మేస్త్రీ కూడా తన మాటే అన్నాడు మరి. తాత రాశాడు. మూడు రోజులు నీళ్ళు తగలకుండా, ఎర్ర సింహాలు వేసుకున్న చేతులతోనే అత్త వ్యానెక్కింది. పొక్కులు ఎండాయి, మళ్ళీ లేచాయి. మళ్ళీ రాయించారు. వ్యానులో వచ్చే మిగతా ఆడవాళ్ళలో ఇద్దరికి మెడ మీద లేచాయి, ఒకామెకు కనురెప్పల మీద. ఆ ఏడు మా పక్క సాలీళ్ళకు మదమెక్కిందని ఊరంతా చెప్పుకున్నారు.

మూడోసారి పోయినప్పుడు నేను కూడా అవ్వా అత్తల వెంట వెళ్ళాను. కుమ్మరి తాత ఈక ముంచబోయి ఆగి, అత్త రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి చాలాసేపు చూశాడు. "ఇది అక్కి కాదమ్మా. అక్కి ఒక పక్కే వస్తాది. ఇది రెండు చేతులకీ ఒకే తీరుగా వచ్చినాది. సాలీడు కొలత పెట్టుకోని పాకదు గదా," అన్నాడు. పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. రాయడం చేతకాకపోతే కావేరిపట్టణంలో ఇంకో కుమ్మరి ఉన్నాడని, అక్కడికి పోతామని అంది. తాత ఈక ముంచి సింహం రాశాడు. అవ్వ మీద నాకు కోపమే, కానీ ఆమెకు తెలియదు. తెలిసి కూడా రాసిన ఆ తాత మీద నా కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. తెలిసినవాళ్ళు మొహమాటపడే చోట తెలియనివాళ్ళ ప్రాణాలు పోతాయి.

తాత మాట నా బుర్రలో మాత్రం దిగింది. రెండు చేతులకూ వచ్చిందంటే రెండు సాలీళ్ళు ఉండాలి. అవి మా ఇంటివైతే మాక్కూడా రావాలి కదా, మరి రాలేదంటే అవి ఆ గులాబీల దగ్గరే ఉండాలి. వాటిని పట్టి తెచ్చి అవ్వ ముందు పెడితే అత్త బతుకుతుంది. ఎండాకాలం సెలవులు రాగానే ఒక ఖాళీ అగ్గిపెట్టె లంగా మడతలో దోపుకుని, ఏడ్చి గోల చేసి అత్తతో వ్యానెక్కాను. సాలీళ్ళను అగ్గిపెట్టెల్లో పట్టి పందేలు పెట్టుకోవడం మా ఊరి పిల్లల ఆట, భయపడుతూనే ఆడేవాళ్ళం. నాకు అందులో మంచి పేరుండేది.

ఆ ప్లాస్టిక్ ఇంట్లో అడుగు పెట్టగానే కొట్టింది ఆ వాసన. గులాబీల వాసన లేనేలేదు. మేం ఒక తలుపులోంచి లోపలికి పోతుంటే, అటు పక్క తలుపులోంచి ఒళ్ళంతా ప్లాస్టిక్ కోటు, ముఖానికి మూతి తొడుగు వేసుకున్న ఇద్దరు మగవాళ్ళు గొట్టాలు చుట్టుకుని బయటికి పోతున్నారు. ఆకుల మీద తెల్లటి చుక్కలు ఇంకా ఆరలేదు. ఆడవాళ్ళు ఉత్త చేతులతో ఆ వరసల్లోకి దిగారు. నేను మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్క వరస వెతికాను. ఆకుల అడుగున, నీళ్ళ గొట్టాల సందుల్లో, ఇనప కమ్మీల మూలల్లో, అట్టపెట్టెల వెనక. ఒక్క గూడు లేదు, ఒక్క దారప్పోగు లేదు. చీమల బారు కూడా లేదు. నేల మీద తేనెటీగలు మాత్రం పది పన్నెండు వెల్లకిలా పడి ఉన్నాయి. తలుపు పక్కన ఒక రేకు పలక గోడ వైపు తిప్పి ఆనించి ఉంటే, సాలీళ్ళకు అలాంటి చోట్లంటే ఇష్టం కాబట్టి, దాన్ని మెల్లగా ఇవతలికి తిప్పాను. వెనక సాలీడు లేదు. పలక మీద ఎర్రరంగుతో పుర్రె, కింద ఇంగ్లీషు అక్షరాలు. కరెంటు స్తంభం మీద అలాంటి బొమ్మ చూశాను కాబట్టి ఇక్కడ కరెంటు ఉందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఈడ ఒక్క సాలీడు గూడా లేదత్తా," అని గట్టిగా అరిచి చెప్పాను. అత్త కంటే ముందు మేస్త్రీ విన్నాడు. నేను తిప్పిన పలకను మళ్ళీ గోడవైపుకు తిప్పేసి, నా తల మీద చెయ్యి వేసి నిమిరాడు.

"అదే చెప్తా ఉండాను పాపా నేను గూడా. ఈడ చీమ గూడా బతకదు. ఉంటే గింటే మీ ఇంట్లోనే ఉండాల," అన్నాడు.

తన నోటితో తనే చెప్పాడు, అక్కడ చీమ కూడా బతకదని. అన్ని ఊళ్ళవాళ్ళూ కలిపి ఇరవై మంది ఆడవాళ్ళు విన్నారు. చీమ బతకని చోట మనం ఎలా బతుకుతామని ఒక్కరూ అడగలేదు. నేను కూడా అడగలేదు, వాడు నన్ను మెచ్చుకున్నాడని మురిసిపోయాను. సాయంత్రం పోయేటప్పుడు వాడు ఒక చిన్న సీసా నా చేతికే ఇచ్చాడు. బకెట్టు నీళ్ళల్లో కలిపి ఇల్లంతా చల్లితే ఒక్క సాలీడు మిగలదన్నాడు. సీసా మీది కాగితం గీరేసి ఉంది, ఒక మూల ఎర్రరంగు ముక్క మాత్రం మిగిలింది. వ్యానులో వస్తూ ఆ ముక్కను గోటితో జాగ్రత్తగా ఊడదీసి, బాగుందని నా లెక్కల పుస్తకం అట్ట లోపల అంటించుకున్నాను.

ఆదివారం పొద్దున నాయనా అమ్మా సంతకు పోయారు. అవ్వ నన్ను పెరట్లో కూర్చోబెట్టి, బట్టలూ రాగుల గంపా బయట పెట్టించింది. అత్త సీసాడు మందూ బకెట్టులో పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి కలిపింది. పొడుగు చీపురు ముంచి వాసాల మీదికి విదిలించడం మొదలుపెట్టింది. ఎత్తిన చేతుల మీద నుంచి చుక్కలు చంకల్లోకి కారుతున్నాయి, ముఖం మీద పడుతున్నాయి. కొరివితో తల గోక్కోవడం అంటే అదే. సాలీళ్ళు రాలాయి. నేను గడపలో నిలబడి లెక్కపెడుతూ చప్పట్లు కొట్టాను. పెద్దది అన్నిటికంటే ఆఖరున పడింది, ఎనిమిది కాళ్ళూ లోపలికి ముడుచుకుని, తెల్లబిళ్ళను మాత్రం వదలకుండా. రాలినవాటిని మా కోడిపెట్ట పిల్లలను వెంటేసుకుని వచ్చి ఏరుకుని తింది. సాయంత్రానికి పెట్టా పిల్లలూ మెడలు వాల్చేశాయి.

అత్తకు మధ్యాహ్నానికే వాంతులు మొదలయ్యాయి. కళ్ళూ ముక్కూ ధారలు కట్టాయి, చేతులు మోచేతుల దాకా ఉడికించినట్టు ఎర్రబడి పొంగాయి. అవ్వకు ఆశ్చర్యమేమీ కలగలేదు. చచ్చే ముందు అన్నీ ఒకేసారి ఆమె మీద పడి ఉచ్చ పోశాయంది. తాతను ఇంటికే పిలిపించారు, ఆయన ఈసారి నోరు విప్పలేదు, రెండు చేతులకూ భుజాల దాకా రాశాడు. మూడు రోజులు నీళ్ళు బంద్.

రెండో రోజు ఇంట్లో నేనూ ఆమే ఉన్నాం. అత్త గోడకు ఆనుకుని, చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని కూర్చుంది. కావి ఎండి బీటలు వారి, ఆ బీటల్లోంచి నీరు కారుతోంది. "పాపా, తట్టుకోలేకుండా ఉండాను. ఒక్క చెంబుడు నీళ్ళు పొయ్యి తల్లీ. అవ్వకు చెప్పొద్దు," అంది. చెంబు నా చేతిలోనే ఉంది. బాన నా పక్కనే ఉంది. నీళ్ళు తగిలితే అక్కి పాకి, రెండు కొనలూ కలిసి అత్త చచ్చిపోతుందని నాకు తెలుసు. నేను చెంబు కింద పెట్టేసి బయటికి పరిగెత్తాను. ఆమె నన్ను రెండుసార్లు పిలిచింది.

నాలుగో రోజు నాయన బలవంతంగా హోసూరుకు బస్సులో తీసుకుపోయాడు. డాక్టరు ఏమైందని అడిగితే వెంట వచ్చిన అవ్వ సాలీడంది, ఆయన పూతమందు రాసిచ్చాడు. ఆయనకు అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు. నెల తిరిగేసరికి అత్త గోళ్ళు ఒక్కొక్కటే ఊడిపోయాయి. మళ్ళీ మొలిచినవి గోళ్ళలా మొలవలేదు. చర్మం అక్కడక్కడ తెల్లగా, అక్కడక్కడ మాడినట్టు నల్లగా మిగిలింది. వేళ్ళకు వణుకు పట్టుకుంది. ఆ మార్గశిరంలో అనపగింజలు నానబెట్టినప్పుడు ఆమె అలవాటుగా వచ్చి కూర్చుని ఒక గింజ తీసుకుంది, అది జారి పడింది. ఇంకొకటి తీసుకుంది. తర్వాత లేచి వెళ్ళిపోయింది. వ్యాను మా ఊరి దిబ్బ దగ్గర ఆగుతూనే ఉంది, ఆమె చోటులో ఇంకొకామె ఎక్కింది. మేస్త్రీ ఒకసారి పళ్ళు తెచ్చి చూసిపోయాడు. ఇప్పుడైనా ఇల్లు శుభ్రంగా పెట్టుకోమని చెప్పిపోయాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. గోళ్ళు లేని మనిషి ఆ పళ్ళు ఒలుచుకోలేకపోతే నేను ఒలిచి పెట్టాను.

మందుల చదువు చదివేటప్పుడు, క్లాసులో గోడకు వేలాడదీసిన ఒక పటం చూసి నేను లేచి బయటికి పోయాను. పురుగుమందుల డబ్బాల మీద వేసే రంగుల పటం అది. ఆకుపచ్చ, నీలం, పసుపు, అన్నిటికంటే పైన, అన్నిటికంటే ఎక్కువ విషానికి గుర్తుగా, ఎరుపు. నా లెక్కల పుస్తకం అట్టలో ఉన్న ఎరుపు. ఆ సెలవుల్లోనే మేస్త్రీని వెతుక్కుంటూ పోయాను. ఏం చేద్దామనుకున్నానో తెలియదు, కనీసం ఒక్కసారి వాడి ముఖం మీద ఆ ముక్క అంటించాలనుకున్నాను. వాడు చనిపోయి ఏడాదయిందన్నారు. తోట యజమాని ఎవరో, ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. ఆ జాగాలో ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతారు. తిట్టడానికి ఒక్క మనిషి మిగలని కోపం ఎంత బరువో మోసేవాళ్ళకే తెలుస్తుంది.

నా షాపుకు ఇప్పటికీ వస్తారు. ముంజేతుల మీద పొక్కులతో, కొత్త తోటల వ్యానులు దిగి, ఇంట్లో సాలీళ్ళు ఎక్కువయ్యాయమ్మా, పూతమందు ఇవ్వమని అడుగుతారు. తెలుగులో, తమిళంలో, కన్నడలో, మూడు భాషల్లోనూ అదే సాలీడు. ముందు సబ్బుతో కడుక్కుంటే తప్ప మందు ఇవ్వనని షాపు పక్కన కుళాయి పెట్టించాను. కోపిష్టి అని పేరు పెట్టారు. పెట్టుకోనీ.

ఆ ఇల్లు పడిపోయింది, అవ్వ పోయింది, కుమ్మరి తాత కొడుకు ఫ్యాక్టరీ పనికి పోతున్నాడు, కావిరాయి అరగదీసే రాయి ఏమైందో తెలియదు. నానిన అనపగింజల్ని ఇప్పుడు పితికి, సంచుల్లో కట్టి సంతలో అమ్ముతున్నారు, అవి మా ఇంట్లోకి రానివ్వను. గోడకు అంటుకునే తెల్లబిళ్ళలు ఈ ఇళ్ళల్లో లేవు, మోకాళ్ళు చీరుకునే ఆటలూ లేవు. మా ఇంట్లో మిగిలింది అత్త, ఆమె భయం.

స్నానాల గదిలో సాలీడు మాత్రం చావలేదు. మందతను అక్కడికి చేరేలోపే నేను వచ్చాను కదా. మూడో రోజు పొద్దున మళ్ళీ కనిపించింది, అచ్చం మా వాసాల మీది దానిలాగే. అత్తను పిలిచి, స్టీలు గ్లాసు బోర్లించి దాన్ని పట్టి, ఆమె చూస్తుండగా నా ముంజేతి మీదికి వదిలాను. కోరలు లేవని కాదు, కరిస్తే తేనెటీగ కుట్టినంత మంట. అది కరవలేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా పాకి, కాసేపు ఆగి, కిటికీ మీదికి దాటుకుంది. అత్త గోడకు అతుక్కుపోయి నిలబడింది. కడుక్కోమని కూడా అనలేదు, నీళ్ళు తగలకూడదు కదా.

మర్నాడు పొద్దున కాఫీ తాగుతుంటే వచ్చి నా చెయ్యి తిప్పి చూసింది. ఆ మర్నాడూ చూసింది. ఇవాళ మూడో రోజు, కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, వెలుతురు ఉన్న వైపుకు నా చెయ్యి తిప్పి, పైనా కిందా చూసి, వణికే వేలితో ఒకసారి తడిమింది.

"అట్లయితే నాకేమైనట్లు పాపా?" అంది.

ఈ ప్రశ్న కోసం నేను ఎన్నో ఏళ్ళు కాచుకుని ఉన్నాను. మేస్త్రీ, పుర్రె బొమ్మ, సీసా, ఎర్రముక్క, అన్నీ వరసగా పెట్టుకుని ఉన్నాను. నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"ఆ పొద్దు నువ్వు నీళ్ళడిగితే నేను పొయ్యలేదత్తా," అన్నాను.

అత్త ఎదురు కుర్చీలో కూర్చుని, కొంగులోంచి రెండు చేతులూ బయటికి తీసి బల్ల మీద పెట్టుకుంది.

"మొదట్నుంచి చెప్పు," అంది.